మాస్ట్ విప్పిన వారం: ఒక ఫోర్క్‌లిఫ్ట్ సర్వీస్ డైరీ

1వ రోజు

బండి డీజిల్ కౌంటర్‌బ్యాలెన్స్, అంటే ముందు ఎత్తే లోడుకి సరితూగేలా వెనక బరువు ఉన్న ఫోర్క్‌లిఫ్ట్. కెపాసిటీ 2.5 టన్నులు, రెండంచెల మాస్ట్ (బండి ముందు నిలబడి లోడుని ఎత్తే ఉక్కు చట్రం, బయటిది బండికి బిగించి ఉంటుంది, లోపలిది అందులో పైకీ కిందికీ జారుతుంది), 3 మీటర్ల లిఫ్ట్. గంటల మీటర్ 9,140 చూపిస్తోంది. ఆపరేటర్ చెప్పింది చెప్పినట్టే నోట్‌బుక్‌లో రాసుకున్నాను: "లోడుతో దించుతుంటే నా ఛాతీ ఎత్తుకి వచ్చేసరికి ఒక్క క్షణం ఆగుతోంది. తర్వాత టక్‌మని జారుతోంది."

ఆగి జారుతోంది అన్న మాట వినగానే టెన్షన్ పట్టుకుంది. ఎందుకో చెప్తాను. ఫోర్కులు బిగించి ఉండే క్యారేజ్‌ని కిందికి లాగేది ఏదీ లేదు, అది తన బరువుతోనే దిగాలి. సిలిండర్‌లో ఆయిల్ వెనక్కి వెళ్తుంటే రాడ్లు దిగుతాయి, వాటితో లోపలి మాస్ట్ దిగుతుంది, దాని తల మీదున్న పుల్లీలు దిగుతాయి, చైన్ వదులవుతూ క్యారేజ్‌ని దించుతుంది. చైన్ లాగగలదు గానీ తోయలేదు. మధ్యలో క్యారేజ్ ఛానెల్‌లో, అంటే దాని రోలర్లు నడిచే మాస్ట్ నిలువు కమ్మీలో, ఇరుక్కుంటే రాడ్లు తమ దారిన దిగిపోతూనే ఉంటాయి, ఇటు చైన్ వేలాడేంత వదులవుతుంది. ఇరుకు వదిలిన క్షణం ఆ వదులంతా ఒక్కసారి బిగుస్తుంది. టక్ అన్న చప్పుడు అదే. రెండు టన్నుల లోడు రెండు అంగుళాలు పడి ఆగినా చైన్ మీద పడే దెబ్బ మామూలుది కాదు.

"ఎన్నాళ్ళ నుంచి బాబాయ్ ఇది?" అని ఆపరేటర్‌ని అడిగాను.

"నెల పైనే అయింది అబ్బాయ్. గ్రీజు కొడితే పోతుందనుకున్నాం."

బండిని అప్పుడే పక్కన పెట్టించి, స్టీరింగ్‌కి ఎర్ర ట్యాగ్ కట్టేశాను. సర్వీస్ అయ్యేదాకా లోడు పట్టకూడదు.

విప్పే ముందు చేయాల్సిన పరీక్షలు కొన్ని ఉన్నాయి. విప్పాక ఇవి చేయలేం. నేల మట్టంగా ఉన్నచోట మాస్ట్ నిటారుగా పెట్టి, ఖాళీ ఫోర్కులతో పైదాకా ఎత్తి దించాను. ఖాళీగా ఉంటే ఆ ఆగడం లేదు, కానీ ఆ ఎత్తు దగ్గర ఎడమ వైపు గీకుతున్న చప్పుడు వస్తోంది. తర్వాత ఒక్కసారికి మాత్రం, చుట్టూ ఎవరూ లేకుండా చూసుకుని, తూకం తెలిసిన లోడు పట్టి మోకాలి ఎత్తుకి లేపి ఇంజిన్ ఆపాం. బయటి మాస్ట్ మీదా లోపలి మాస్ట్ మీదా ఒకే గీత వచ్చేలా సుద్దతో గుర్తు పెట్టి పది నిమిషాలు ఆగాను. గీతలు 11 మి.మీ. విడిపోయాయి. అంటే ఫోర్కులు 22 మి.మీ. దిగినట్టు. రాడ్ ఒక వంతు కదిలితే ఫోర్కులు రెండు వంతులు కదులుతాయి, చైన్ పుల్లీ మీంచి తిరిగి వస్తుంది కాబట్టి. ఫోర్క్‌లిఫ్ట్‌ల అంతర్జాతీయ భద్రతా ప్రమాణం ఐఎస్ఓ 3691-1 ప్రకారం పూర్తి లోడుతో పది నిమిషాల్లో 100 మి.మీ. దాకా ఓర్చుకోవచ్చు. సిలిండర్ సీల్స్ బాగానే ఉన్నాయి, వాటి జోలికి పోనక్కర్లేదు. సగం మనశ్శాంతి దొరికింది.

మిగిలిన పూటంతా శుభ్రం చేయడానికే సరిపోయింది. ఛానెళ్ళలో గ్రీజూ దుమ్మూ కలిసి నల్లటి ముద్దలా పేరుకుని ఉంది. గ్రీజు కొడితే పోతుందనుకుని కొట్టింది ఇదే. దుమ్ము కలిసిన గ్రీజు రోలర్ కింద ఎమరీ పేస్టులా పని చేస్తుంది. చెక్క స్క్రాపర్‌తో గీకి, గుడ్డతో తుడిచాం. మా హెల్పర్ కుర్రాడు వాటర్ జెట్ తెస్తానన్నాడు. చైన్ ఉండగా వద్దన్నాను. నీళ్ళు గానీ డీగ్రీజర్ గానీ చైన్ పలకల మధ్యలోకి వెళ్తే ఉన్న కాస్త ఆయిల్ కూడా కడిగేస్తుంది, పిన్నుల దగ్గర తుప్పు మొదలవుతుంది. పైకి మెరుస్తుంది, లోపల చస్తుంది.

2వ రోజు

ఈ రోజంతా చైనే. నేను ఒక తప్పు చేసి దిద్దుకున్నాను, అదీ రాస్తున్నాను.

ఈ బండికున్నది బీఎల్ 634 లీఫ్ చైన్, ఎడమకొకటి కుడికొకటి. ఆ నంబరే చైన్ గురించి అంతా చెప్తుంది. 6 అంటే పిచ్ (ఒక పిన్ను మధ్య నుంచి పక్క పిన్ను మధ్యకి దూరం) అంగుళంలో ఎనిమిదింట ఆరు భాగాలు, అంటే ముప్పావు అంగుళం, 19.05 మి.మీ. తర్వాతి 3, 4 అంకెలు పలకల అల్లిక: ఒక లింకులో మూడు పలకలు, పక్క లింకులో నాలుగు, ఒకదాని మధ్యలో ఒకటి. ఐఎస్ఓ 4347లో ఇదే చైన్‌ని ఎల్‌హెచ్ 1234 అంటారు. సైకిల్ చైన్‌లో ఉన్నట్టు రోలర్లు ఇందులో ఉండవు. పలకలూ పిన్నులూ అంతే. పళ్ళ చక్రం మీద కాదు, నున్నటి పుల్లీ మీద ఒంగి నడుస్తుంది.

చైన్ సాగింది అని అందరం అంటాం గానీ ఉక్కు పలక సాగదు. పుల్లీ మీద ఒంగిన ప్రతిసారీ పలక రంధ్రం పిన్ను మీద కొద్దిగా తిరుగుతుంది. పిన్ను అరుగుతుంది, రంధ్రం అరుగుతుంది. ఒక్కో కీలు దగ్గర వెంట్రుకవాసి అరిగినా, పదహారు కీళ్ళు కలిస్తే టేపుకి అందే తేడా వస్తుంది. అందుకే ఒక లింకుని కాదు, పదహారు పిచ్‌లు కలిపి కొలుస్తాం. కొత్త చైన్‌కి పదహారు పిచ్‌లు 304.8 మి.మీ. దాని మీద 3 శాతం పెరిగితే, అంటే 313.9 దాటితే, చైన్ మార్చేయాలి.

ముందు కొలిచింది క్యారేజ్‌కి చైన్ బిగించిన చోటుకి పైన. ఫోర్కుల్ని నేల మీంచి జానెడు లేపితే చైన్ బిగుసుకుంటుంది, ఎదురుగా కనబడుతుంది, చేతికి అందుతుంది. పిన్ను మధ్య నుంచి పిన్ను మధ్యకి ఎడమది 306.5, కుడిది 306.3. అర శాతం పైన అంతే. "చైన్ ఓకే" అని రాసేసి టీకి వెళ్ళాను.

టీ తాగుతున్నంతసేపూ ఒక్కటే మనసులో తొలుస్తోంది. 9,000 గంటలు నడిచిన బండికి అర శాతం అరుగుదలేనా? తిరిగొచ్చి మాస్ట్ వెనక్కి, ఆపరేటర్ సీటు వైపుకి వెళ్ళి చూశాక గానీ తప్పు తెలియలేదు. నేను కొలిచిన ముక్క పుల్లీ దాకా ఎప్పుడూ వెళ్ళనే వెళ్ళదు. ఫోర్కులు పూర్తిగా పైకి వెళ్ళినా ఆ లింకులు పుల్లీకీ క్యారేజ్‌కీ మధ్యే ఉంటాయి. అవి ఒంగవు, కాబట్టి అరగవు. రోజంతా ఒంగేది చైన్ రెండో కొస వైపు, బయటి మాస్ట్‌కి బిగించిన కొసకి దగ్గర ఉన్న లింకులు. ఈ బండి పని ఎక్కువగా నేల నుంచి ఛాతీ ఎత్తు ర్యాక్ దాకానే. అంటే పుల్లీ మీద వెళ్ళొచ్చేవి ఎప్పుడూ అవే పాతిక ముప్పై లింకులు.

ఫోర్కుల్ని మీటరున్నర ఎత్తి, లోపలి మాస్ట్ కింది కొసకీ బయటి మాస్ట్ అడ్డకమ్మీకీ మధ్య గట్టి చెక్క దిమ్మెలు రెండు వైపులా పెట్టి, మాస్ట్ వాటి మీద కూర్చునేదాకా నెమ్మదిగా దించాం. ఇంజిన్ ఆపి తాళం జేబులో వేసుకున్నాను. ఇలా చేస్తే మాస్ట్ కదలదు, క్యారేజ్ మాత్రం చైన్‌కే వేలాడుతుంది కాబట్టి చైన్ బిగువుగా ఉంటుంది. ముందు వైపు ఎవరూ రాకుండా అడ్డు పెట్టాం. ఇప్పుడు అరిగే ముక్క పుల్లీ దిగి వెనక వైపు నాకు ఎదురుగా ఉంది.

ఎడమ చైన్: 312.6, 314.2, 313.1.
కుడి చైన్: 311.8, 312.9, 312.2.

ఎడమది ఒకచోట 3 శాతం దాటేసింది. పొద్దున నేను ఓకే రాసిన చైన్ ఇదే. ఆ పేజీ చింపలేదు. అడ్డంగా కొట్టేసి పక్కన కొత్త కొలతలు రాశాను.

3 శాతం అన్న హద్దు ఎందుకో కుర్రాడికి లెక్క వేసి చూపించాను. బీఎల్ 634 చైన్ తెగే బలం 75.6 కిలోన్యూటన్లు, రెండూ కలిపి 151. మోసేది 2,500 కిలోల లోడు, క్యారేజ్, ఫోర్కులు కలిపి ఇంకో 250 అనుకుంటే, 27 కిలోన్యూటన్లు. భాగిస్తే 5.6 రెట్లు. ఐఎస్ఓ 3691-1 కనీసం 5 రెట్లు ఉండాలంటుంది. 3 శాతం అరిగిన చైన్ తన బలంలో 15 శాతం పైమాటే పోగొట్టుకుంటుంది. 5.6లో 15 శాతం తీసేస్తే 4.8. అంటే 5 కిందకి వచ్చేశాం. అది కదలని లోడు లెక్క. టక్‌మని పడే దెబ్బ ఇందులో లేదు. వాడు నోట్‌బుక్ లాక్కుని ఆ లెక్క తన పుస్తకంలోకి ఎక్కించుకున్నాడు.

కొలత ఒక్కటే చాలదు. గుడ్డకి కాస్త ఆయిల్ తడిపి ఎడమ చైన్ తుడిచి, టార్చ్ పక్కనుంచి వేసి చూశాను. తుడిచిన పది నిమిషాలకి రెండు పలకల మధ్య సందులోంచి ఎర్రటి సన్నగీత పైకి తేలింది, కుంకుమ నీళ్ళలో ముంచిన దారంలా. లోపల తుప్పు పొడి ఉందనడానికి గుర్తది. ఆయిల్ అక్కడిదాకా వెళ్ళడం లేదు. పిన్నుల తలలు వరసగా చూసుకుంటూ పోయాను. తయారైనప్పుడు తల మీద వేసిన నొక్కుళ్ళన్నీ ఒకే వాటంగా ఉంటాయి. పన్నెండో పిన్ను దగ్గర నొక్కు పావు వంతు తిరిగి ఉంది. పిన్ను బయటి పలకల్లో బిగుతుగా కూర్చోవాలి, తిరగకూడదు. లోపలి పలకలు దాన్ని పట్టేసి తమతో పాటు తిప్పాయంటే అది ఎండిపోయి పట్టుకుపోయిందన్నమాట. ఆ ఒక్కటి కనబడితే చాలు, కొలత ఎంతున్నా చైన్ తీసేయాల్సిందే.

"అన్నా, ఎడమది ఒక్కటే మారుద్దామా? కుడిది ఇంకా హద్దు లోపలే ఉందిగా" అన్నాడు కుర్రాడు.

రెండూ కలిపే మార్చాలి. కొత్తదీ పాతదీ పక్కపక్కన ఉంటే పొడవులు వేరు, లోడంతా పొట్టిదాని మీదే పడుతుంది. అరిగిన ముక్క వరకు కోసి కొత్త లింకులు కలపడమూ కుదరదు. కొత్త చైన్లు రెండూ, కొసల్లో వచ్చే యాంకర్ పిన్నులూ, స్ప్లిట్ పిన్నులూ ఆర్డర్ పెట్టాను.

3వ రోజు

ఫోర్కులు తీశాం. ఒక్కొక్కటి యాభై కిలోల పైనే ఉంటుంది, కాబట్టి చేత్తో లాగే పని పెట్టుకోలేదు, చేతి గొలుసుతో బరువులు ఎత్తే చైన్ బ్లాక్‌తోనే దించాం. ఫోర్కు మొదట ఎంత మందమో తెలియాలంటే నిలువు భాగం మీద కొలవాలి, అక్కడ అరుగుదల ఉండదు. 40 మి.మీ. వచ్చింది. మడమ దగ్గర, అంటే ఫోర్కు ఎల్ ఆకారంలో ఒంగే మూలలో, 37.2. ఐఎస్ఓ 5057 ప్రకారం 10 శాతం అరిగితే, అంటే 36కి వస్తే తీసేయాలి. ఒంపులో బలం మందం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి మందం పదో వంతు తగ్గితే బలం అయిదో వంతు పోతుంది. ఈ ఫోర్కులకి ఇంకా ఆయుష్షు ఉంది. మడమ ఒంపు దగ్గర డై పెనెట్రెంట్ (పగుళ్ళలోకి దూరి వాటిని చూపించే రంగు) స్ప్రే చేసి చూశాను, పగుళ్ళు లేవు. కొసల ఎత్తులో తేడా 9 మి.మీ., ఈ పొడవుకి 32 దాకా సరే.

తర్వాత క్యారేజ్. ఈ పద్ధతి నాకు చాలా ఇష్టం, ఎందుకంటే బరువు ఎత్తే పని బండే చేసి పెడుతుంది. క్యారేజ్‌ని చెక్క దిమ్మెల మీద కూర్చోబెట్టి, పక్కకి ఒరగకుండా బెల్టు కట్టాం. చైన్లు వదులు కాగానే క్యారేజ్ వైపు యాంకర్లు విప్పాం. విడిపోయిన కొసలు ఊగి రాడ్ల క్రోమ్ మీద గీతలు పెట్టకుండా పైకి మడిచి కట్టేశాం. తర్వాత లోపలి మాస్ట్‌ని నెమ్మదిగా లేపుతూ పోతే, క్యారేజ్ ఉన్నచోటే ఉంటుంది, ఛానెళ్ళే పైకి జారి రోలర్లని ఒక్కొక్కటిగా వదిలేస్తాయి. కింది రోలర్లు కూడా బయటపడ్డాక ఎత్తిన మాస్ట్‌కి దిమ్మెలు పెట్టి, క్యారేజ్‌ని చైన్ బ్లాక్‌కి తగిలించి ముందుకి లాగేశాం.

బయటికి రాగానే దొంగ దొరికాడు. ఎడమ కింది రోలర్ చేత్తో తిప్పితే తిరగడం లేదు.

4వ రోజు

మాస్ట్ సర్వీస్‌లో అసలు పని రోలర్లదే అని నా నమ్మకం. చైన్ లోడుని ఎత్తుతుంది గానీ, లోడు ముందుకి పడకుండా పట్టుకునేది రోలర్లు. లోడు కేంద్రం ఫోర్కు నిలువు ముఖానికి 500 మి.మీ. ముందు ఉంటుంది. క్యారేజ్ పై రోలర్లకీ కింది రోలర్లకీ మధ్య దూరం కూడా సుమారు అర మీటరే. కాబట్టి లోడు ఎంత ఉంటే దాదాపు అంతా, నిజానికి ఇంకాస్త ఎక్కువే, పై రోలర్లని ముందుకీ కింది రోలర్లని వెనక్కీ నొక్కుతుంది. 2.5 టన్నులు ఎత్తినప్పుడు కింది రెండు రోలర్ల మీదా అడ్డంగా రెండున్నర టన్నుల పైనే పడుతోందన్నమాట.

ఆ రోలర్‌ని పట్టి ఉంచే సర్క్లిప్ రింగు తీసి, పుల్లర్ పెట్టి దాన్ని బయటికి లాగాను. సీల్ చిరిగి ఉంది. లోపల గ్రీజు లేదు, తుప్పు రంగు ముద్ద, దాని మధ్య పగిలిన బాల్ ఒకటి. బయటి అంచు ఒకచోట బొటనవేలి గోరంత మేర చదునుగా అరిగింది. తిరగడం మానేశాక ఛానెల్ మీద ఈడ్చుకుంటూ పోయింది మరి. అద్దంలా నున్నగా ఉంది ఆ చదును.

దానికి జోడు గుర్తు ఛానెల్‌లో ఉండాలి కదా అని ఎడమ ఛానెల్ వెనక అంచు వెంబడి వేలు జరుపుకుంటూ వెళ్ళాను. కింది నుంచి నున్నగా సన్నటి గాడి. ర్యాక్ ఎత్తుకి సరిపోయే చోట గాడి ఆగిపోయింది, అక్కడ వేలికి తగిలింది ఒక మెట్టు. ఈడ్చుకెళ్ళిన రోలర్ ఇనుముని అక్కడిదాకా తోసుకెళ్ళి వదిలిన చోటది. ఎత్తు 0.3 మి.మీ. ఉంటుందేమో, కంటికి కనబడదు. లోడు పైనుంచి దిగుతూ తిరగని రోలర్ ఆ మెట్టుకి తగిలి ఆగుతోంది, బరువు గెలిచాక జారుతోంది. బాబాయ్ ఛాతీ ఎత్తు అన్నది అక్షరాలా నిజం. సీటులో కూర్చుంటే ఆయన ఛాతీ ఎక్కడికి వస్తుందో, రోలర్ ఆ మెట్టుకి చేరినప్పుడు క్యారేజ్ కూడా అక్కడికే వస్తుంది.

మెట్టుని సన్నటి ఫ్లాప్ డిస్క్‌తో తేలిగ్గా తీసి, ఆకురాయితో సాపు చేశాను. గాడి లోతు 0.3 లోపే, ఛానెల్‌కి ప్రమాదం లేదు. అక్కడ వెల్డింగ్ పోసి నింపుదామన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాకూడదు. ఆ వేడికి ఛానెల్ వంగుతుంది, గట్టిదనం పోతుంది.

క్యారేజ్ కింది రోలర్లు రెండూ కొత్తవి వేశాను. పైవి తిప్పి చూస్తే నిశ్శబ్దంగా, ఆగకుండా తిరుగుతున్నాయి, అవే ఉంచాను. లోపలి మాస్ట్ రోలర్లు విప్పకుండానే చూసుకున్నాను. ఖాళీ మాస్ట్‌ని కొంచెం కొంచెంగా లేపుతూ, ప్రతిసారీ ఆపి, అన్ని రోలర్ల మీదా పెట్టిన సుద్ద చుక్క స్థానం మారిందో లేదో చూడటం. అన్నీ తిరుగుతున్నాయి.

తర్వాత షిమ్‌లు. రోలర్ కూర్చునే ఇరుసు మీద, రోలర్ వెనక పల్చటి వాషర్లు ఉంటాయి. వాటిని పెంచితే రోలర్ బయటికి జరిగి క్యారేజ్‌కీ ఛానెల్‌కీ మధ్య పక్క ఖాళీ తగ్గుతుంది. ఈ బండి మాన్యువల్ మొత్తం ఖాళీ 0.5 మి.మీ. ఉండాలంటోంది. ఇక్కడ చాలామంది తొందరపడతారు. క్యారేజ్ కింద ఉన్నప్పుడు ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకులు) పెట్టి, వచ్చిన ఖాళీకి సరిపడా షిమ్ వేసేస్తారు. కింది భాగం ఎక్కువ పని చేసి ఎక్కువ అరిగిన చోటు. అక్కడ కొలిచి బిగిస్తే, అరగని పై భాగానికి వెళ్ళేసరికి ఇరుక్కుంటుంది.

అందుకే ఛానెళ్ళ మధ్య వెడల్పుని అడుగు అడుగుకీ కొలిచి రాసుకున్నాను. ఆ లెక్కన క్యారేజ్‌కి కింద 1.8 మి.మీ. ఖాళీ, పైన 1.1. కింద చూసి 0.5కి తేవాలంటే 1.3 షిమ్ వేయాలి, కానీ పైన ఉన్నదే 1.1. కాబట్టి పైన చూసి 0.6 వేశాను, ఎడమ 0.3, కుడి 0.3. రెండు వైపులా సమంగా వేయకపోతే క్యారేజ్ మధ్యలో ఉండదు, చైన్లు పుల్లీల మీద ఏటవాలుగా నడుస్తాయి.

"కింద ఇంకా 1.2 ఉంటుందిగా అన్నా" అన్నాడు కుర్రాడు, అసంతృప్తిగా.

ఉంటుంది. అది ఛానెల్ అరుగుదల, షిమ్‌తో పోయేది కాదు. కింద కాస్త ఊగినా పర్వాలేదు, పైన బిగుసుకుంటే మాత్రం మళ్ళీ మొదటికే వస్తాం.

5వ రోజు

చైన్లు రాలేదు. చిన్న పనులు చూసుకున్నాం. పుల్లీలు రెండూ విప్పి బేరింగులు తుడిచి చూశాను, బాగున్నాయి. పుల్లీ అంచుల మీద చైన్ రాసుకున్న గుర్తులు లేవు, అంటే చైన్ తిన్నగానే నడిచింది. మాస్ట్‌ని ముందుకీ వెనక్కీ వంచే టిల్ట్ సిలిండర్ పిన్నుల్లో ఎడమ బుష్ కొంచెం లూజు, మార్చాను. మాస్ట్ అడుగున యాక్సిల్‌ని పట్టుకునే క్యాప్ బోల్టులు టార్క్ రెంచ్‌తో సరిచూశాను. రాడ్ల క్రోమ్ మీద గోటితో గీకి చూశాను, ఎక్కడా తగలలేదు.

6వ రోజు

చైన్లు వచ్చాయి. కొత్త చైన్ మీద ఫ్యాక్టరీలో పట్టించిన జిడ్డు పూత ఉంటుంది. అది అంటుకుంటోందని కడిగేసేవాళ్ళని చూశాను. పలకల మధ్యలోకి వేడి మీద ఎక్కించిన ఆ పూతని మనం చేత్తో మళ్ళీ పెట్టలేం. పైపైన తుడిచి అలాగే ఎక్కించాం. ఎక్కించే ముందు రెంటినీ బల్ల మీద పక్కపక్కన పరిచి, పొడవు ఒక్కటేనని చూసుకున్నాను.

క్యారేజ్‌ని వచ్చిన దారినే, ఛానెళ్ళని దాని మీదికి దించుతూ ఎక్కించాం. పై భాగంలో మూడు చోట్ల ఆపి ఫీలర్ పెట్టి చూశాను, 0.5, 0.5, 0.6. ఛానెల్‌లో రోలర్ నడిచే దారి మీద గ్రీజు పల్చగా, వేలితో రాసినంతే. మొన్న గీకి తీసిన ముద్ద ఇంకా డబ్బాలోనే ఉంది, దాన్ని చూపిస్తూ రాయించాను.

చైన్ బిగింపు తీరిగ్గా చేయాల్సిన పని. ఫోర్కులు తగిలించి, మాస్ట్ నిటారుగా పెట్టి, పూర్తిగా దించినప్పుడు ఫోర్కు మడమ నేలని తాకకుండా కాస్త పైన ఆగాలి. చైన్ మరీ పొడవుగా ఉంటే ఫోర్కులు నేల మీద కూర్చుని చైన్ వదులైపోతుంది, కింది రోలర్లు ఛానెల్ కింది కొస దాటి బయటికి వస్తాయి. మరీ పొట్టిగా ఉంటే పైకి వెళ్ళినప్పుడు క్యారేజ్ లోపలి మాస్ట్ స్టాపర్‌కి కొట్టుకుంటుంది. అందుకే కింద సరిచేసి, పైదాకా ఎత్తి స్టాపర్ దగ్గర ఖాళీ చూసి, మళ్ళీ కిందికి దించి చూశాం. ఫోర్కుల్ని కొంచెం లేపి రెండు చైన్లనీ ఒకే ఎత్తులో బొటనవేళ్ళతో నొక్కితే రెండూ ఒకేలా లోపలికి వెళ్ళాలి. కుడిది కొంచెం గట్టిగా తగిలింది, యాంకర్ నట్ అర చుట్టు వదిలాను. లాక్ నట్లు బిగించి కొత్త స్ప్లిట్ పిన్నులు వేసి, ఊడిపోకుండా వాటి కాళ్ళు విడదీసి వంచాం.

చివరగా ఆయిల్. ఎస్ఏఈ 40 ఇంజిన్ ఆయిల్, బ్రష్‌తో. చైన్ లోడు లేకుండా వదులుగా ఉన్నప్పుడు, పుల్లీ మీద ఒంగిన చోట రాస్తే పలకల మధ్యకి దిగుతుంది. గ్రీజు వద్దు. అది పైనే ఉండిపోయి, లోపలికి వెళ్ళే ఆయిల్‌కి కూడా అడ్డు పడుతుంది.

7వ రోజు

ఖాళీగా పది సార్లు ఎత్తి దించాం. గీకే చప్పుడు లేదు. ఛాతీ ఎత్తు దగ్గర నేను చెవి పెట్టి విన్నాను, ఏమీ లేదు.

కానీ పూర్తిగా పైకి వెళ్ళి ఆగే క్షణంలో మాస్ట్ తల కుడి వైపుకి ఒక విదిలింపు ఇచ్చింది. పాత చప్పుళ్ళ మధ్య ఇది వినబడలేదు. ఇంకో రెండు సార్లు ఎత్తించి, రెండు రాడ్లనీ వెనక నుంచి చూశాను. కుడి రాడ్ ముందు ఆగుతోంది, ఎడమది ఇంకో వెంట్రుకవాసి తోస్తోంది. అందుకే తల కుడికి ఒరుగుతోంది. ముందు ఆగిపోయే రాడ్ తల మీద షిమ్ వేస్తే, ఆగేటప్పటికి అది మాస్ట్‌ని ఆ మేర ఎక్కువ ఎత్తి ఉంటుంది, ఇద్దరూ ఒకేసారి ఆగుతారు. మాస్ట్‌కి దిమ్మెలు పెట్టి, రాడ్ తలల బోల్టులు తీసి, రాడ్లు కొంచెం దించి కుడి తల మీద 1 మి.మీ. షిమ్ పెట్టాం. విదిలింపు తగ్గింది గానీ పోలేదు. ఇంకో 1 మి.మీ. పెట్టాక పోయింది. ఇందుకే సగం రోజు పట్టింది. బాబాయ్ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని ప్రతిసారీ "ఇంకా ఉంది", "ఇంకా ఉంది" అంటూ, చివరికి "ఇప్పుడు లేదు" అన్నారు. సీటులో కూర్చునే మనిషి ఒంటికి తెలిసినంత మన కంటికి తెలియదు.

మధ్యాహ్నం లోడు పరీక్ష. ముందు సగం లోడు, తర్వాత 2,500 కిలోలు. జానెడు ఎత్తి ఆపి, దించి, మళ్ళీ మీటరు, మళ్ళీ పైదాకా. దించేటప్పుడు లివర్ నెమ్మదిగా వదలమన్నాను. క్యారేజ్ ఎక్కడా ఆగకుండా నీళ్ళలో దిగినట్టు దిగింది. చైన్ ఒక్క క్షణం కూడా వదులవలేదు, నేను దాన్నే చూస్తూ నిలబడ్డాను. అప్పుడు ఎర్ర ట్యాగ్ విప్పాను.

పాత చైన్లు ఒక మూల పడి ఉన్నాయి. ఎవరో ఇంజిన్ ఎత్తడానికి పనికొస్తాయి, ఇమ్మన్నారు. ఇవ్వలేదు. గ్రైండర్‌తో రెండింటినీ మూడేసి ముక్కలు కోయించాను. తిరిగి ఉన్న పన్నెండో పిన్ను ముక్క మాత్రం కుర్రాడు అడిగి తీసుకుని టూల్ బాక్స్ మూత లోపల వేలాడదీసుకున్నాడు.

50 గంటల తర్వాత

కొత్త చైన్ మొదట్లో కొంచెం సర్దుకుంటుంది కాబట్టి తిరిగి చూడటానికి వెళ్ళాను. ఈసారి నేరుగా మాస్ట్ వెనక్కే వెళ్ళాను, దిమ్మెలు పెట్టి. పదహారు పిచ్‌లు: ఎడమ 305.1, కుడి 305.1. ఫోర్కు మడమ 3 మి.మీ. దిగింది, రెండు యాంకర్లూ సమంగా తిప్పి సరిచేశాను. పిన్నుల తలలన్నీ ఒకే వాటంగా ఉన్నాయి. పలకల మధ్య నుంచి ఎరుపు లేదు, వేలికి ఆయిల్ అంటింది. తరువాత కొలత 250 గంటలకి. ఎక్కడ కొలవాలో బాణం గుర్తుతో బయటి మాస్ట్ వెనక పెయింట్ వేశాం, గీత గీసింది కుర్రాడు.